కల్లం దగ్గర లెక్క ఎవరి చేతిలో ఉంది?

(మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచా తాలూకాలో తునికాకు, అంటే బీడీలు చుట్టే ఆకు, సొంతంగా అమ్ముకుంటున్న గ్రామసభల ప్రతినిధుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

ప్రాణహిత ఒడ్డు ఊళ్ల నుంచీ, ఇంద్రావతి దిక్కు పల్లెల నుంచీ వచ్చిన అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం.

ప్రజాస్వామ్యం, న్యాయమైన ఆర్థిక వ్యవస్థ అని పెద్ద మాటలు వింటుంటాం. మన దిక్కు అవి ఉన్నాయో లేవో తెలుసుకోవాలంటే తునికాకు కట్ట చూస్తే చాలు. ఆ కట్టను ఎవరు లెక్కపెడుతున్నారు, ఎవరు రాస్తున్నారు, రాసింది ఊరి ముందు ఎవరు చదువుతున్నారు? అడవి ఊరి చేతికి వచ్చిందా, ఒక గుత్తేదారు చేతిలోంచి ఇంకో గుత్తేదారు చేతికి మారిందా అన్నది అక్కడే తేలిపోతుంది. అందుకే ఈ పూట రేటు కన్నా లెక్క గురించే ఎక్కువ మాట్లాడతాను.

ముందు కొలత. మహారాష్ట్రలో కట్టకు 70 ఆకులు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగ్. అంటే బ్యాగుకు 70,000 ఆకులు. నది దాటి కాళేశ్వరం దిక్కు పోతే కట్టకు 50 ఆకులే. అక్కడి బ్యాగు 50,000 ఆకులు. మన చుట్టాలు రెండు ఒడ్డులా ఉన్నారు కాబట్టి రేట్ల ముచ్చట ఫోన్లలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. లెక్క కోసం అనుకుందాం: అవతలి ఒడ్డున బ్యాగు 5,500, మన దగ్గర 7,000. వినగానే మనదే మంచి రేటు అనిపిస్తుంది. ఆకుకు ఎంత పడుతుందో చూడండి. అక్కడ 11 పైసలు, మన దగ్గర 10 పైసలు. బేరానికి కూర్చున్నప్పుడు బ్యాగు రేటు పక్కన ఆకు రేటు కూడా కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇక హక్కు సంగతి. తునికాకు వ్యాపారం మహారాష్ట్రలో 1969 చట్టంతో సర్కారు చేతిలోకి పోయింది. అడవిని యూనిట్లుగా విడగొట్టి ఆకును వేలం వేసేవారు. ఊరికి దక్కేది కూలీ, తరువాత ఎప్పుడో వచ్చే బోనస్. 2006 అటవీ హక్కుల చట్టం దీన్ని మార్చింది. అందులో సెక్షన్ 3(1)(సి) ప్రకారం చిన్నతరహా అటవీ ఉత్పత్తులు సేకరించుకోవడం, వాడుకోవడం, అమ్ముకోవడం మన హక్కు. వెదురు, తునికాకు రెండూ ఆ ఉత్పత్తుల్లో ఉన్నాయని చట్టంలోనే పేరు పెట్టి రాశారు. గడ్చిరోలి జిల్లాలోనే ధానోరా తాలూకా మేండా-లేఖా ఊరికి 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. 2011 ఏప్రిల్ 27న అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఆ ఊరికే వచ్చి, వెదురు రవాణా పాసు పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టారు. నాలుగైదు వందల జనం ఉన్న ఊరు అది. "ఢిల్లీ ముంబైలలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు" అన్నది వాళ్ల నినాదం. దేవాజీ తోఫా లాంటి పెద్దలు ఉన్నా, ఏ నిర్ణయమైనా చేతులెత్తి ఓటు వేసి కాదు, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడి తీసుకోవడం అక్కడి పద్ధతి. ఆ తరువాత జిల్లాలో వెయ్యికి పైగా ఊళ్లకు సామూహిక హక్కు పత్రాలు వచ్చాయి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. మన తాలూకాలో మాడియా, గోండు ఊళ్లున్నాయి, తెలుగు మాట్లాడే ఇతర కులాల ఊళ్లున్నాయి, రెండూ కలిసినవీ ఉన్నాయి. ఆదివాసులు కానివాళ్లకు వ్యక్తిగత పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ అడవి మీద ఆధారపడి బతికినట్టు చూపాలి. సామూహిక హక్కు పత్రం మాత్రం గ్రామసభ పేరు మీద వస్తుంది. గ్రామసభ అంటే ఊళ్లో ఓటున్న పెద్దవాళ్లందరూ. కలిసి ఉన్న ఊళ్లలో "హక్కు వాళ్లది, మనది కాదు" అనే మాట ఎవరు పుట్టించినా ఆకు కొనే కాంట్రాక్టర్‌కే లాభం. ఊరు రెండుగా చీలితే బేరం కుదుర్చుకోవడం అతనికి సులువు.

గ్రామసభ వేరు, గ్రామపంచాయతీ వేరు. మూడు నాలుగు పల్లెలు కలిసిన పంచాయతీ కావచ్చు, మన గ్రామసభ మాత్రం మన పల్లెది. బ్యాంకు ఖాతా గ్రామసభ పేరు మీదే ఉండాలి. సంతకాలు ముగ్గురివి పెట్టండి, అందులో కనీసం ఒకరు ఆడమనిషి ఉండాలి. పైసలు తీయాలంటే ఇద్దరి సంతకం తప్పనిసరి అని బ్యాంకుకు ఠరావు, అంటే సభ తీర్మానం, ఇవ్వండి. సంతకం చేసి ఉంచిన ఖాళీ చెక్కులు ఎవరి దగ్గరా ఉండకూడదు. "బ్యాంకు సిరొంచాలో, ఊరు 40 కిలోమీటర్లు, ప్రతిసారీ ఎవరు పోతారు" అని ఒక్కసారి ఖాళీ చెక్కు మీద సంతకం పెడితే ఆ సీజనంతా అదే అలవాటవుతుంది.

పని మొదలుపెట్టాల్సింది జనవరిలో. కారణం మీకు తెలుసు. సంక్రాంతి అయిందంటే సగం ఊరు మిర్చి ఏరడానికి ఖమ్మం, వరంగల్ దిక్కు పోతుంది. చట్టం ప్రకారం గ్రామసభకు సభ్యుల్లో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఫిబ్రవరిలో సభ పెడితే కోరం రాదు. వచ్చిన పదిహేను మందితో ఠరావు రాసి, మిగతా సంతకాలు ఇల్లిల్లూ తిరిగి పెట్టించుకునే ఊళ్లున్నాయి. అలా చేసిన ఠరావు మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే వేలమే ఆగిపోతుంది. మిర్చికి పోకముందే సభ పెట్టి నాలుగు సంగతులు తేల్చుకోవాలి: ఈ ఏడు ఆకు కోద్దామా వద్దా, ఒంటరిగా అమ్ముదామా పక్క ఊళ్లతో కలిసి అమ్ముదామా, కల్లం మీద, అంటే కట్టలు లెక్కపెట్టి ఎండబెట్టే చోట, లెక్క ఎవరు చూస్తారు, రాయల్టీలో, అంటే రేటులో కూలీ పోగా మిగిలేదాంట్లో, ఊరి వాటా ఎంత.

కలిసి అమ్మడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 50, 100 బ్యాగుల ఊరు ఒంటరిగా బేరానికి కూర్చోకూడదు. ఆకు కొనేవాడికి లారీ నిండాలి, గోదాముకు ఒకేసారి చేరాలి. చిన్న ఊరు అతనికి ఖర్చు, ఆ ఖర్చు మన రేటులోంచే కోస్తాడు. పైగా కొనేవాళ్లు తక్కువ మంది. "నువ్వు ఆ ఊరు, నేను ఈ ఊరు" అని వాళ్లు ముందే పంచుకుంటే మన టెండర్‌కు ఒక్కటే కవరు వస్తుంది. మన జిల్లా కొర్చి తాలూకాలో తొంభై దాకా గ్రామసభలు మహాగ్రామసభగా కలిశాయి. మన దగ్గర పది ఊళ్లు కలిసినా చాలు. అయితే కలిసేది బేరం వరకే. పైసలు మాత్రం ఏ ఊరివి ఆ ఊరి ఖాతాలోకే నేరుగా రావాలి. సమాఖ్య ఖాతాలోకి వచ్చి అక్కడి నుంచి ఊళ్లకు పంచడం మొదలైతే పైన ఇంకో ఆఫీసు పుట్టినట్టే.

ఇక ఒప్పంద పత్రం. అది మరాఠీలో ఉంటుంది. మన ఊళ్లలో సంతకం పెట్టేవాళ్లలో చాలామంది మాట్లాడేది తెలుగో మాడియానో. కాబట్టి ప్రతి షరతూ సభలో చదివి, తెలుగులో, మాడియాలో చెప్పించాలి. చెప్పేది ఊళ్లో చదువుకున్న పిల్ల అయినా ఫరవాలేదు, కాంట్రాక్టర్ మనిషి మాత్రం కాకూడదు. అందులో తప్పక ఉండాల్సినవి ఇవి. బ్యాగుకు మొత్తం రేటు ఎంత, అందులో కూలీ ఎంత, రాయల్టీ ఎంత అని విడివిడిగా. కోతకు ముందు పొదలు కొట్టే కూలీ ఎవరు ఇస్తారు. కూలీ ఎన్ని రోజులకు ఒకసారి పడుతుంది. వారానికి ఒకసారి మించి ఆగవద్దు. కోతకు ముందే బయానా ఎంత. అంచనా విలువలో నాలుగో వంతుకు తగ్గకుండా అడగండి. పన్ను ఎవరు కడతారు. ఇది చిన్న విషయం కాదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి బీడీ ఆకు మీద 18 శాతం పడింది, 2025 సెప్టెంబరులో 5 శాతానికి తగ్గించారు. పన్ను సంగతి రాయకపోతే చివరి లెక్కలో మన రాయల్టీలోంచి కోస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆకు ఏ క్షణం నుంచి కొన్నవాడిది అవుతుందన్నది. దీని గురించి మళ్లీ చెబుతాను.

ఇప్పుడు కల్లం దగ్గరికి పోదాం.

ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో తునికి పొదలు నేలకు కొడతారు. వేళ్ల నుంచి కొత్త చిగుళ్లు లేచి, 40, 45 రోజులకు ఆకు కోతకొస్తుంది. తెల్లవారకముందే అడవికి పోయి, పొద్దెక్కాక మోపు దించి, ఇంటి అరుగు మీద ముసలమ్మ నుంచి బడిపిల్ల దాకా కూర్చుని కట్టలు కడతారు. సాయంత్రం నాలుగైదు గంటలకు కట్టలన్నీ కల్లానికి చేరతాయి. అప్పటికి ఆడవాళ్లు తెల్లవారకముందు నుంచీ మేలుకునే ఉన్నారు. ఇంటికి పోయి వండాలి, చీకటి పడుతోంది. మోసం జరిగేది ఆ గంటలోనే. ఎవరికీ గొడవపడే ఓపిక ఉండదు.

ఎలా జరుగుతుందో అంకెల్లో చూద్దాం. "ఆకు చిన్నగా ఉంది, కట్టకు మూడు ఎక్కువ వేయండి" అంటాడు కాంట్రాక్టర్ తరఫున కల్లం చూసే కల్లేదారు. 70 కాస్తా 73 అవుతుంది. "ఎండితే తరుగు పోతుంది, నూటికి ఐదు కట్టలు అదనం" అంటాడు. మూడు ఆకులే కదా, ఐదు కట్టలే కదా అనిపిస్తుంది. కానీ పుస్తకంలో 1,000 కట్టలు పడాలంటే మీరు 1,050 కట్టలు ఇవ్వాలి, కట్టకు 73 చొప్పున. అంటే 76,650 ఆకులు. ఇవ్వాల్సింది 70,000. ఎక్కువగా పోయింది 6,650 ఆకులు, అంటే 95 కట్టలు. 300 బ్యాగుల ఊరైతే 28,500 కట్టలు, అంటే ఇరవై ఎనిమిదిన్నర బ్యాగులు. బ్యాగు 7,000 చొప్పున దాదాపు 2 లక్షల రూపాయలు. టెండర్ రోజు బ్యాగుకు 200 పెంచమని ఊరంతా రాత్రి పదకొండు దాకా కొట్లాడింది, దానితో వచ్చింది 60,000. కల్లం మీద మాట్లాడకుండా వదిలేసింది 2 లక్షలు.

మూడో దారి తిరస్కరించిన కట్టలు. చిరిగిన ఆకు, పురుగు తిన్నది, ముదిరిపోయినది పక్కన పెట్టడం న్యాయమే, బీడీ చుట్టడానికి అది పనికిరాదు. కానీ పక్కన పెట్టిన కట్ట అక్కడే ఉండిపోతుంది, రాత్రికి వరుసలో కలిసిపోతుంది. బాగాలేదన్న కట్ట తెచ్చినవాళ్ల బుట్టలోకే తిరిగి పోవాలి. ఈ ఒక్క నియమం పెట్టిన చోట తిరస్కరించే కట్టలే తగ్గిపోతాయి.

దీనికి కట్టడి ఏమిటి? లెక్క చూసే మనిషిని గ్రామసభ పెట్టాలి, అతనికి కూలీ గ్రామసభే ఇవ్వాలి. కాంట్రాక్టర్ దగ్గర జీతం తీసుకునే కల్లేదారు ఊరివాడే అయినా, మన తమ్ముడే అయినా, అతను కాంట్రాక్టర్ లెక్కే రాస్తాడు. అతని పుస్తకం అతను రాసుకోనీ, మన పుస్తకం మనం రాసుకోవాలి. లెక్క చూసేవాళ్లు ఇద్దరు, అందులో ఒకరు ఆకు కోసే ఆడమనిషి, ఐదారు రోజులకు మారుతూ ఉండాలి. కట్టలు కుప్పగా పోయనివ్వకండి. వరుసకు 20 చొప్పున ఐదు వరుసలు పేరిస్తే వంద అని చదువు రానివాళ్లకైనా కంటికి కనిపిస్తుంది. ఆకుల లెక్కకు వంద కట్టల్లోంచి ఐదు ఏరి విప్పండి. ఏ కట్టలు విప్పాలో కల్లేదారు కాదు, మన మనిషి చెప్పాలి. 70 ఉంటే అంతే, తక్కువుంటే తెచ్చినవాళ్లు సరిచేయాలి. ఊరివాళ్లు 66 ఆకులతో కట్ట కట్టడం కూడా తప్పే. దాన్ని మనం చూసీ చూడనట్టు పోతే, "నూటికి ఐదు అదనం" అని అడిగేవాడికి సాకు మనమే ఇచ్చినట్టు.

ప్రతి ఇంటికీ ఒక కార్డు. కల్లం పుస్తకంలో, కార్డులో అంకె ఒకేసారి, అక్కడే పడాలి. "రేపు రాస్తాను" అన్న మాట వినొద్దు. అంకెతో పాటు అక్షరాల్లో కూడా రాయండి. మరాఠీ అంకెల్లో ఒకటీ తొమ్మిదీ తోక తిరిగిన దిక్కును బట్టే తేడా. చీకట్లో, తొందరలో 190 కాస్తా 110 అవుతుంది. అక్షరాల్లో ఉంటే ఆ తగవు రాదు. కల్లానికి రెండు మంచి బ్యాటరీ లైట్లు కొనండి, గ్రామసభ పెట్టే ఖర్చుల్లో ఇంతకన్నా అక్కరకొచ్చేది లేదు. రాత్రికి ఆ రోజు మొత్తం ఎన్ని కట్టలో నల్లబోర్డు మీద రాసి, పేరుపేరునా చదవాలి. తన పేరు తప్పుగా చదివితే ఆ అక్క అక్కడే లేచి అంటుంది. నెల తరువాత చెప్పాలంటే ఎవరు చెబుతారు?

కార్డు ఎవరి పేరు మీద అన్నది కూడా తేల్చుకోండి. కోసేది ఎక్కువగా ఆడవాళ్లు, పైసలు పడేది మగవాళ్ల ఖాతాలో. ఉమ్మడి ఇంట్లో ఇద్దరు కోడళ్లుంటే రెండు కార్డులు ఉండొచ్చు. భర్త చనిపోయిన అక్కకు, పుట్టింటికి తిరిగొచ్చిన ఆడబిడ్డకు వేరే కార్డు ఇవ్వాలి. దీనికి చట్టం ఏమీ అడ్డం రాదు, ఊరు అనుకుంటే అయిపోతుంది.

వాన సంగతి. కల్లం మీద కట్టలు ఒక దిక్కు మూడు నాలుగు రోజులు, తిప్పి ఇంకో దిక్కు మూడు నాలుగు రోజులు ఎండాలి. ఆ తరువాత పొద్దున్నే నీళ్లు చిలకరిస్తే ఆకు మెత్తబడి, విరగకుండా సంచిలోకి పోతుంది. మధ్యలో మే నెల గాలివాన వచ్చిందంటే తడిసిన ఆకు నల్లబడి బూజు పడుతుంది. అప్పుడు అది ఎవరి ఆకు? ఒప్పందంలో "సంచి నింపి లారీ ఎక్కించినప్పుడు" అని ఉంటే నష్టం మనది. "కల్లం మీద లెక్కపెట్టి పుస్తకంలో రాసినప్పుడు" అని ఉంటే కొన్నవాడిది. ఇందాక ఏ క్షణం అన్నది ఇందుకే. ఎండబెట్టడం, తిప్పడం, కప్పడం అతని మనుషుల పని కాబట్టి రెండోదే న్యాయం. ఈ ఒక్క వాక్యం కోసం రేటులో 50 రూపాయలు తగ్గినా తగ్గండి అంటాను.

పైసలు రాబట్టుకునే తాళంచెవి టీపీ, అంటే రవాణా పాసు. 2012లో సవరించిన నియమాల ప్రకారం అది ఇచ్చే అధికారం గ్రామసభ పెట్టుకున్న అటవీ రక్షణ కమిటీది, లేదా గ్రామసభ అధికారం ఇచ్చిన మనిషిది. పాసు మీద గ్రామసభ పేరు, కొన్నవాడి పేరు, బండి నంబరు, సంచులు ఎన్ని, ఎక్కడి నుంచి ఎక్కడికి, తేదీ, ఎన్ని రోజులు చెల్లుతుంది, ఇవన్నీ ఉండాలి. రెండో ప్రతి మన దగ్గర ఉండాలి. మాట ఒక్కటే: ఎన్ని బ్యాగుల పైసలు ఖాతాలో పడ్డాయో అన్ని బ్యాగులకే పాసు. చెక్కు చేతికొచ్చిందని కాదు, ఖాతాలో పడ్డాక. కూలీ మొత్తం ఇచ్చి, "రాయల్టీ వానాకాలం తరువాత" అని బతిమాలేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. ఆకు ఊరు దాటి గోదాములో పడ్డాక మార్కెట్ పడిపోతే ఆ రాయల్టీ రాదు. 2017లో జిల్లాలో గ్రామసభలకు రేటు బాగా పలికింది, మరుసటి ఏడు పడిపోయింది. ఆకు రేటు అట్లా ఊగుతుందని తెలిసినప్పుడు అప్పు మీద లారీ కదలనివ్వడం ఎందుకు?

వచ్చిన పైసల పంపకం. ఇందాకటి 300 బ్యాగుల ఊరే తీసుకుందాం. 7,000లో కూలీ 4,000, రాయల్టీ 3,000 అనుకోండి. రాయల్టీ మొత్తం 9 లక్షలు. అందులో ఐదో వంతు, 1,80,000, ఊరి నిధికి ఉంచితే మిగిలిన 7,20,000 కోసినవాళ్లకు కట్టకు 2 రూపాయల 40 పైసలు పడుతుంది. 2,500 కట్టలు కోసిన ఇంటికి కూలీ 10,000, రాయల్టీ 6,000. గమనించండి, రాయల్టీ పంచేది కూడా కల్లం పుస్తకంలో ఉన్న అంకె మీదే. అక్కడ ఒక కట్ట పోతే రెండుసార్లు పోయినట్టు. ఊరి వాటా ఎంత అన్నది కోతకు ముందే తేల్చమన్నది ఇందుకే. పైసలు కళ్లముందు పడ్డాక ఎక్కువ కోసినవాళ్లు ఒక దిక్కు, తక్కువ కోసినవాళ్లు ఇంకో దిక్కు లాగుతారు.

నిప్పు గురించి చెప్పకుండా ముగించలేను. పొద కొట్టే కూలీ మిగులుతుందని కొందరు కాంట్రాక్టర్లు మార్చిలో అడవికి నిప్పు పెట్టిస్తారు, కాలిన చోట చిగురు తొందరగా వస్తుందని. ఆ నిప్పులో మొర్రి మొలకలు, టేకు మొలకలు పోతాయి. నిప్పు పెట్టినట్టు తేలితే బయానా జప్తు అని ఒప్పందంలో రాయండి, ఊరి నిధిలోంచి మార్చి, ఏప్రిల్ రెండు నెలలు కాపలాకు కూలీ ఇవ్వండి. చంద్రపూర్ జిల్లా గోండ్‌పిప్రి తాలూకాలో పాచ్‌గావ్ అని ఊరుంది. 2012లో సామూహిక హక్కు వచ్చాక, పొదలు నరకడం, నిప్పు పెట్టడం అడవికి చేటని, తునికాకు కోతే మానేసింది. వెదురు మీద నిలబడింది. మన ఊళ్లన్నీ అలా చేయలేవు, వెదురు అందరికీ లేదు. కానీ ప్రతి జనవరి సభలో "ఈ ఏడు కోద్దామా వద్దా" అన్న ప్రశ్న ముందుగా రావాలన్నది అందుకే. అడవిలో నాలుగో వంతు పొదలు కొట్టకుండా వదిలి, ఏడాదికో దిక్కు మార్చుకోవచ్చు. తునికి పండ్లు పిల్లలకూ ఎలుగుబంట్లకూ మిగులుతాయి.

ఇప్పపువ్వు, మొర్రి పలుకులు, చింతపండు, వీటికీ ఇదే పద్ధతి పనికొస్తుంది. ఏప్రిల్‌లో అగ్గువకు అమ్మిన ఇప్పపువ్వే వానాకాలంలో పిరంగా కొనుక్కుంటున్నాం. ఊరి నిధిలో పైసలుంటే గ్రామసభే కొని నిల్వ చేయొచ్చు. అది ఇంకో రోజు వివరంగా మాట్లాడుకోవాల్సిన సంగతి.

చివరగా జూన్ సభ. విత్తనాలు పడకముందే, తొలకరికి ముందే పెట్టండి. మూడు కాగితాలు పక్కపక్కన పరవాలి: కల్లం పుస్తకం మొత్తం, టీపీ రెండో ప్రతుల మొత్తం, బ్యాంకు పాసుబుక్కులో పడిన పైసలు. కట్టలను వెయ్యితో భాగిస్తే వచ్చే బ్యాగులు, టీపీల్లో పోయిన బ్యాగులు, పైసలు పడిన బ్యాగులు, మూడూ ఒకటే కావాలి. తేడా వస్తే ఎక్కడో కనిపెట్టేదాకా సభ లేవొద్దు, ఒక పూటలో కాకపోతే రెండో పూట కూర్చోండి. ఖర్చుల రసీదులు ఎవరడిగితే వాళ్ల చేతికి ఇవ్వండి. రాసిందంతా తెలుగులో, మాడియాలో చదివాక, కార్డులు తెచ్చుకున్నవాళ్లు తమ అంకె సరిపోయిందో లేదో చెప్పాక, అప్పుడే సంతకాలు. ఇక మీ ఊళ్ల ఒప్పంద పత్రాలు తెచ్చినవాళ్లు ముందుకు రండి, షరతులు ఒక్కొక్కటీ చదువుదాం.